రోజారమణి వేసిన దురాయి

పొద్దున్నే రోజారమణి వాకిట్లో ముగ్గు వేసుకుంటూ ఉంటే మొగపాళెం మగాళ్ళు వలలు భుజాన వేసుకుని వచ్చి గోడవారగా నిలబడతారు. ముగ్గు తొక్కితే ఆమె నోట పడాలి, ఆ ధైర్యం ఎవరికీ లేదు. అందుకని దూరం నుంచే అడుగుతారు.

"రోజక్కా, ఈ పూట వేళ్ళు యాడుండాయి?"

ఆమె ముగ్గు గిన్నె కింద పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి, కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఆ చేతికి ఉంగరం వేలూ చిటికెన వేలూ లేవు. అవి సముద్రంలో ఉన్నాయి.

"లైటుహౌసుకు తూర్పున. నీళ్ళు గోరువెచ్చగా ఉండాయి. కానాగంత చేపలు గుంపుగా పోతా ఉండాయి, చిటికెన వేలికి చక్కిలిగిలి పెడతా ఉండాయి. ఉత్తరం పక్కకి మాత్రం పోవద్దండి. అక్కడ తాబేళ్ళు తిరగతా ఉండాయి, వలలో పడితే వలా పోతుంది, తాబేలూ పోతుంది."

"సరే అక్కా," అని వాళ్ళు పోతారు. సాయంత్రం బోట్లు ఒడ్డుకు చేరాక, ప్రతి బోటు నుంచీ ఇంత చేప ఆమె గుమ్మం ముందుకు వస్తుంది. దానికి వేళ్ళ వాటా అని పేరు. ఆమె అందులో కూరకి కావలసినంత తీసుకుని, మిగతాది ఉప్పు వేసి ఎండబెట్టి వాకాడు సంతలో అమ్ముకుంటుంది. ఇదీ ఆమె బతుకు.

వేళ్ళు తెగిన కథ ఊళ్ళో అందరికీ తెలిసిందే. మీకు తెలియదు గనక చెబుతాను.

రోజారమణి తండ్రి చెంచయ్య బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. మగపిల్లలు లేరు. ఈ పిల్ల గౌను తొడిగే వయసు నుంచీ షెడ్డులో తండ్రి పక్కనే కూర్చుని స్పానర్లు అందించేది. పెద్దదయ్యాక ఆమె విప్పుతుంటే తండ్రే స్పానర్లు అందించేవాడు. ఆయన పోయాక షెడ్డు ఆమే తీసింది. ఎవరూ కాదనలేదు. ఎందుకనాలి? ఆమె చెయ్యి పడ్డ ఇంజను నడిసముద్రంలో మొరాయించదు. ఆకలేసినప్పుడు అన్నం వండింది ఎవరని అడుగుతామా!

ఒకనాడు ఊరికి పెద్ద అయిన కాపు ముత్యాలయ్య బోటు ఇంజన్ని ఏట్లో నడిపి చూస్తుంటే, నీళ్ళను తోసే ఫ్యానుకి నాచు చుట్టుకుంది. నాచు చుట్టుకుంటే మొగపాళెంలో ఇంజను ఆపరు. వేగం తగ్గించి, చెయ్యి వెనక్కి పెట్టి, నాచు పీకి పారేస్తారు. అలల మీద ఇంజను ఆపితే మళ్ళీ పట్టుకుంటుందో లేదో, పట్టుకోకపోతే బోటు తిరగబడుతుంది, అందుకని వచ్చిన అలవాటు అది. అలలు లేని ఏట్లో కూడా అదే అలవాటు. అదేం వెర్రో! పదివేళ్ళూ ఉన్న మగాడి గురించి ఆ ఊళ్ళో పెళ్ళిచూపులప్పుడు ప్రత్యేకంగా చెప్పుకుంటారు. రోజారమణి కూడా అందరిలాగే చెయ్యి పెట్టింది. రెండు వేళ్ళు పోయాయి. ఒకదానికి తండ్రి తొడిగిన రాగి ఉంగరం ఉంది, అది కూడా పోయింది.

మగాళ్ళ వేళ్ళని ఏ పీత తిన్నదో ఏమో, ఒక్కటీ తిరిగి కబురు పంపలేదు. రోజారమణి వేళ్ళు మాత్రం బతికాయి. ఆటుపోట్లతో పాటు ఏటి మొగ దాటి సముద్రంలోకి పోయి, అక్కడ తమ ఇష్టం వచ్చినట్టు తిరగడం మొదలుపెట్టాయి. వాటికి తగిలిందంతా ఆమెకు తెలుస్తుంది. ఇందులో వింతేముంది, ఆమె వేళ్ళే కదా అని ఊరు ఊరుకుంది.

కానీ ఇంజను విషయంలో ఊరుకోలేదు. ఆడది ముట్టినందుకే గంగమ్మకి కోపం వచ్చి వేళ్ళు తీసుకుందని కాపు ముత్యాలయ్య తీర్పు చెప్పి దురాయి వేశాడు. దురాయి అంటే గంగమ్మ మీద ఆన పెట్టి కాపు వేసే కట్టడి. దాటినవాళ్ళకి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ పుట్టవు. ఆడది బోటు ఇంజను ముట్టరాదు, ఇదీ ఆ దురాయి.

"మగోడి వేలు తెగితే దెబ్బ, ఆడదాని వేలు తెగితే దోషమా?" అని రోజారమణి కట్టు కట్టిన చేత్తోనే సభలో నిలబడి అడిగింది. దురాయి దురాయిగానే ఉండిపోయింది. ఆమె షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. వారం వారం ఆ తాళానికి నూనె మాత్రం వేస్తూనే ఉంది. తుప్పు పట్టనిస్తే ఓడిపోయినట్టే అని ఆమె లెక్క.

*

శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజున వేట బంద్. బోట్లు సముద్రంలోకి పోకూడదు. ఆ రోజు మగాళ్ళు ఏటి గట్టున చేరి వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, పనిలేని మంగలిలా ఒకళ్ళనొకళ్ళు గొరుక్కుంటూ కూర్చుంటారు.

అలాంటి రోజున ముత్యాలయ్య మనవడు వినోద్ మోటారుసైకిలు మీద ఒక పెద్ద అట్టపెట్టె కట్టుకుని రోజారమణి వాకిట్లో దిగాడు. అతను అల్లూరులో రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. పెట్టె విప్పితే లోపల ఎర్రటి బొమ్మ పడవ. పసిపిల్లవాణ్ణి పడుకోబెట్టేంత పొడవు. పెట్రోలు ఇంజను, వెనక ఫ్యాను, చేత్తో పట్టుకునే రిమోటు.

"అత్తా, అల్లూరు చెరువుల కాడ ఆదివారం బొమ్మ పడవల పందెం పెట్టినారు. ఇది చూస్తే గాల్లో కేకలు పెడతాది, నీళ్ళలో దించితే చచ్చిపోతాది. నువ్వొక్కసారి చూడవా?"

పక్కింటి మస్తానమ్మ పిట్టగోడ మీదుగా తల పెట్టింది. ఊళ్ళో ఏ పెట్టె విప్పినా ఆమె తల అక్కడుంటుంది.

"ఒరే వినోదూ, మీ తాత వేసిన దురాయి నీకు తెలీదా? ఆమె కొంపెందుకురా ముంచుతావు!"

రోజారమణి పడవ మూత తీసి లోపలికి చూసింది. ఆమె ముఖం చూసి మస్తానమ్మ పిట్టగోడ మీద ఇంకాస్త ముందుకు వంగింది. చాలా రోజుల తర్వాత పుట్టింటివాళ్ళు కనపడితే అలా ఉంటుంది ఆడపిల్ల ముఖం.

"అక్కా, దురాయి ఏమని వేసినారు?" అని రోజారమణి మస్తానమ్మనే అడిగింది.

"ఆడది బోటు ఇంజను ముట్టరాదని."

"బోటంటే ఏంది? మనిషి ఎక్కేది. దీంట్లో పిల్లి కూడా ఎక్కలేదు. పా అల్లుడూ, ఏటికాడికి."

పనిముట్లకని దారిలో షెడ్డు ముందు ఆగి, కొంగున తాళంచెవి విప్పింది. ఇన్నేళ్ళు నూనె తాగిన తాళం ఒక్క తిప్పుకే ఊడింది.

*

ఏటి గట్టు దగ్గర, మోకాలి లోతు నీళ్ళలో, పాత తెప్ప దుంగలు రెండు పాతి వాటి మధ్య పడవని పెట్టి వలతాడుతో ముందూ వెనకా బిగించి కట్టింది. వినోద్ బిత్తరపోయాడు.

"వదిలిపెట్టి చూడాల గదా అత్తా?"

"వదిలిపెడితే నువ్వు చూడవు, అది నిన్ను చూస్తాది. ఫ్యాను నీళ్ళలోనే ఉండాల. ఒట్టి గాల్లో తిప్పినావు గదా? మొయ్యడానికి బరువు లేక అరిచినాది. చల్లబరిచే నీళ్ళు కూడా లోపలికి పోలేదు. ఇంకాసేపు తిప్పుంటే ఇంజను మాడి మసైపోయుండేది."

కొంగు నడుముకు బిగించింది. వినోద్ చేత బండి కళ్ళద్దాలు పెట్టించింది. ముందు రిమోటు వేయించి, అది చెప్పినట్టు పడవ వింటోందో లేదో చూసి, అప్పుడే ఇంజను తాడు లాగనిచ్చింది. రిమోటు వెయ్యకుండా ఇంజను తీస్తే తల్లి లేని పిల్లని సంతలో వదిలినట్టే అని చెప్పింది. ఆపేటప్పుడు ముందు పడవ, తర్వాతే రిమోటు.

"ఫ్యాను వెనకా పక్కనా ఎవరూ ఉండకూడదు. నాచు చుట్టుకుంటే ఇంజను ఆపి తియ్యాల. ఇది నేను రెండు వేళ్ళిచ్చి నేర్చుకున్న చదువు, నీకు ఉత్తినే చెప్తా ఉండా."

ఇంజను పట్టుకుంది. పొగ చిమ్ముతూ, దగ్గుతూ, ఎలాగో నడిచింది. రోజారమణి ముందువైపు నుంచి వంగి, పెట్రోలు స్క్రూని ముందు బాగా వదులు చేసింది. ఇంకా పొగ వచ్చింది. రానిమ్మంది. జాస్తి తాగిన ఇంజను మత్తుగా ఉంటుంది అంతే, చావదు, పస్తున్న ఇంజనే కాలి చస్తుంది, అందుకని ఎప్పుడూ నిండుగా పోసి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి అంది. స్క్రూని బియ్యపు గింజంత బిగించడం, చెవి పెట్టి వినడం. మళ్ళీ గింజంత బిగించడం, వినడం.

శబ్దం విని పేకాటవాళ్ళు లేచి వచ్చారు. తర్వాత వలలవాళ్ళు వచ్చారు. ఆఖరికి కాపు ముత్యాలయ్య కూడా వచ్చాడు. తెల్లటి మీసం, భుజాన తువ్వాలు, ఊరి బరువంతా తన మీదే ఉన్నట్టు నడక.

"రోజా! దురాయి మరిచినావా?"

"మరవలేదు పెదనాయనా. బోటు ఇంజను ముట్టరాదన్నావు. ఇది బొమ్మ. దీంట్లో నీ మనవడి చెప్పు కూడా పట్టదు."

"మాటలు బాగా నేర్చినావే."

"మీ దురాయే నేర్పినాది. చేతికి పని లేకుండా కూర్చోబెడితే నోరన్నా పనిచెయ్యాల గదా!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముత్యాలయ్య మీసం అదిరింది.

"నిప్పూ నీళ్ళూ బంద్ చేయిస్తా."

"చేయించు. రేపు పొద్దున్నే వేళ్ళు యాడుండాయో నువ్వే చెప్పుకో. ఇన్నేళ్ళూ నా తెగిన వేళ్ళు తెచ్చిన చేప తిన్నారు, ఉన్న వేళ్ళకి పని లేకుండా చేసినారు. నాకు చేప వద్దు పెదనాయనా. నా పని నాకు కావాల."

ఆ మాట గట్టున ఉన్న అందరికీ వినపడింది. ముత్యాలయ్య ఐసుపెట్టె ఒకటి లాక్కుని, పడవ వెనక పక్కన నీళ్ళ అంచునే కూర్చున్నాడు. ఇంజను ఆగిపోయేదాకా కదలనన్నట్టు.

"అక్కడ కూర్చోవద్దు. ఫ్యాను పక్కన ఎవరూ ఉండకూడదు."

"నేను కాపుని. ఈ ఏటిగట్టున నాకు కూర్చునే చోటు నువ్వు చెప్తావా?"

"అయితే ఇంజను ఆపేస్తా."

వినోద్ తాతని బతిమాలాడు. ముసలాయన ఐసుపెట్టెని జానెడు వెనక్కి జరిపాడు, అదీ ఎంతో దయ తలిచినట్టు. రోజారమణి అప్పటికే ఇంజను కుదురుకుంటున్న శబ్దం వింటోంది. దాని మీద ఆశకొద్దీ ఆ జానెడుకు ఒప్పుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

*

శబ్దం మారింది. పొగ పలచబడింది. దగ్గు పోయింది. వేగం పెంచితే తడబడకుండా లేస్తోంది, తగ్గిస్తే ఒద్దికగా అణుగుతోంది. రోజారమణి ఇంజను ఆపించి, ప్లగ్గు విప్పించి చూసి, పెట్రోలు సరిగ్గా మండితే వచ్చే కాఫీపొడి రంగులో ఉందని తృప్తి పడి, మళ్ళీ ఇంజను తీయించింది.

అప్పుడే "రాకెట్టూ!" అని మస్తానమ్మ అరిచింది.

ఎన్నిసార్లు చూసినా మొగపాళెంలో తల ఎత్తనివాళ్ళు ఉండరు. దక్షిణాన సరుగుడు తోపు మీదుగా మంట లేచింది.

"అల్లుడూ, ఇంజను ఆపెయ్. అది పోయినాక చూద్దాం," అని చెప్పి రోజారమణి చేతులు తుడుచుకునే గుడ్డ కోసం గట్టెక్కింది. వినోద్ ఇంజను ఆపలేదు. వేగం బాగా తగ్గించి అదే ఆపడం అనుకున్నాడు. ఒక చేత్తో ఫోను ఎత్తి రాకెట్టుని వీడియో పట్టాడు. రెండో చేతిలో రిమోటు.

అందరూ పైకి చూస్తుంటే ముత్యాలయ్య ఒక్కడే చూడలేదు. అతని చెవి ఇంజను మీద ఉంది. కాపు కాకముందు అతను ఈ తీరంలో పేరున్న బోటు డ్రైవరు. వద్దువద్దనుకుంటూనే ఆ శబ్దం వింటున్నాడు, దానిలో సన్నగా ఒక అడ్డు విన్నాడు. ఫ్యానుకి నాచు. ఇంత బాగా కుదిరిన ఇంజన్ని నాచు పాడుచేస్తోంటే అతనికి ప్రాణం ఒప్పలేదు. ఆ క్షణాన అతనికి దురాయి గుర్తులేదు, పంతం గుర్తులేదు. యాభై ఏళ్ళ అలవాటు చేతిని ముందుకు తీసుకుపోయింది.

రోజారమణి వెనక్కి తిరిగి ఆ చెయ్యి చూసింది. "తియ్యి! పెదనాయనా, చెయ్యి తియ్యి!" అని గొంతు చించుకుంది. అప్పుడే రాకెట్టు ఉరుము ఊరి మీదికి వచ్చింది. ఆమె కేక ఆమెకే వినపడలేదు. వినోద్ తల ఇంకా పైకెత్తాడు, రిమోటు మీద వేలు తెలియకుండానే బిగుసుకుంది, ఇంజను ఒక్కసారిగా లేచింది. ఆమె పరుగెత్తినా అందదు.

అప్పుడు ఆమె వేళ్ళని పిలిచింది.

అంతకుముందు ఎన్నడూ పిలవలేదు. పిలిస్తే వస్తాయని కూడా తెలియదు. అవి తమ ఇష్టం వచ్చినట్టు తిరిగేవి, తిరగనీ పాపం అనుకునేది. ఇప్పుడు మాత్రం, రండి, అంది. ఆ మనిషి తనకేం చేశాడో ఆమెకు గుర్తు రాలేదు. తెగబోయే చెయ్యి ఒక్కటే కనపడింది. కుడిచేతి చివర చల్లటి నీళ్ళు తోసుకుపోయాయి, తర్వాత ఏటి మొగ దగ్గరి గోరువెచ్చని నీళ్ళు, తర్వాత బురద, ఆ తర్వాత ముసలి మణికట్టు. పట్టుకుంది. పక్కకి లాగింది.

ముత్యాలయ్య ఐసుపెట్టె మీంచి బోర్లా నీళ్ళలో పడ్డాడు. అతని చెయ్యి ఉండవలసిన చోట ఇంకేదో ఉంది. ఫ్యాను దాన్ని పట్టుకుని కీచుమని ఆగింది, ఇంజను చచ్చింది.

రోజారమణికి నొప్పి తెలిసింది. అదే పాత నొప్పి. గట్టు మీదే కూలబడింది. తర్వాత ఆ వేళ్ళ నుంచి ఏ కబురూ రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ చేతి చివర ఎప్పుడూ ఉండే తడి ఆరిపోయింది.

ఉరుము పోయాక ఊరు కిందికి చూసింది. కాపు నీళ్ళలో కూర్చుని తన వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టి చూసుకుంటున్నాడు. అన్నీ ఉన్నాయి. మణికట్టు మీద మాత్రం రెండు వేళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి, అందులో ఒకదానికి ఉంగరం అచ్చు. ఫ్యాను కడ్డీకి నాచుతో పాటు రాగి ఉంగరం చుట్టుకుని ఉంది. అది ఎవరిదో అక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

"అయ్యో, ఎంత పని జరిగిపాయనే నా తల్లీ!" అని మస్తానమ్మ గుండె బాదుకుంది.

రోజారమణి లేచి నీళ్ళలోకి దిగింది. ముందు వినోద్ చేతిలో రిమోటు లాక్కుంది. "ఇది చేతిలో ఉన్నోడికి ఆకాశం లేదు, ఫోను లేదు. తెలిసిందా?" తర్వాత ముసలాయన వైపు తిరిగింది. 

"చెప్పు పెదనాయనా. ఇప్పుడు నీ చెయ్యి పోయుంటే అది ఎవరి దోషం? గంగమ్మదా? ఆడదాందా? నడిచే ఇంజన్లో చెయ్యి పెడితే తెగతాది. ఎవరిదైనా తెగతాది. ఈ ముక్క అర్థం కావడానికి నా వేళ్ళు రెండుసార్లు తెగాల్నా?"

ముత్యాలయ్య నాచు విప్పి, ఉంగరం కడిగి, ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని నడిమి వేలికి తోసుకుంది. పట్టలేదు, తిప్పితిప్పి ఎక్కించింది. ఆ తర్వాత పడవలో స్విచ్చు కట్టేసి, ఫ్యాను వంకర తీసి, స్క్రూ సరిచూసి, మళ్ళీ ఇంజను తీయించింది. ఏడుస్తూనే తీయించింది. మధ్యలో వదిలేస్తే ఆ వేళ్ళు పోయినందుకు అర్థం ఏముంది? తాళ్ళు విప్పగానే ఎర్ర పడవ ఏటి మొగ దాకా ఒక్క పరుగున పోయి తిరిగి వచ్చింది. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

*

మర్నాడు పొద్దున వలలు భుజాన వేసుకుని మగాళ్ళు వచ్చారు. అడగాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రోజక్కా, వేళ్ళు..."

"ఇంక లేవు. సముద్రంలో ఏముందో మీరే పోయి చూసుకోండి, మీ తాతలు చూసుకున్నట్టు. నాకు వాటా కూడా వద్దు." ఆమె ముగ్గు ముగించి చెయ్యి దులుపుకుంది. "ఉన్న వేళ్ళు మాత్రం ఇక్కడే ఉండాయి. షెడ్డు తీసినా. ఇంజను మొరాయిస్తే ఎత్తుకొని రండి."

మగాళ్ళు గోడవారగానే నిలబడ్డారు. మస్తానమ్మ పిట్టగోడ మీదుగా గుసగుసలాడింది: "ఇంక చేప ఎవరు పెడతారే నీకు, పిచ్చిదానా?"

అంతలో వీధి చివర అలజడి. ఇద్దరు మనుషులు వెదురుబొంగుకి బోటు ఇంజను వేలాడదీసి మోసుకొస్తున్నారు. ముందు ముత్యాలయ్య. తిన్నగా షెడ్డు దగ్గరికి వచ్చి ఇంజను నీళ్ళ తొట్టిలోకి దింపి బిగించమన్నాడు.

"నాది. మూడో అలకే ఆగిపోతా ఉండాది," అన్నాడు. తర్వాత, గోడవారగా ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా, "సాయంత్రం సభలో ఆ దురాయి తీసేస్తా."

"నువ్వు తీసేదాకా నేను ఆగలా, చూసినావు గదా," అంది రోజారమణి. "తీస్తే తియ్యి. దానికి బదులు నేనొకటి వేస్తా. నువ్వు చాటించు."

"నువ్వు వేస్తావా దురాయి?"

"వేస్తా. ఇంకమీద నడిచే ఇంజను ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టినోడు నా షెడ్డు గడప తొక్కరాదు. మగోడైనా, ఆడదైనా, కాపైనా."

ముత్యాలయ్య మణికట్టు నిమురుకున్నాడు. ఉంగరం అచ్చు ఇంకా పోలేదు. అది చచ్చేదాకా పోలేదు కూడా.

"కాపైనా," అన్నాడు.

రోజారమణి స్క్రూడ్రైవరు తీసుకుంది. ముసలాయన అలవాటుకొద్దీ స్టూలు లాక్కుని ఇంజను వెనక, ఫ్యాను పక్కనే కూర్చున్నాడు.

"పెదనాయనా, అక్కడ కాదు."

ముత్యాలయ్య లేచాడు. స్టూలు ఎత్తుకుని, తొట్టి చుట్టూ తిరిగి వచ్చి, ఆమె చూపించిన చోట కూర్చున్నాడు. అప్పుడు ఆమె ఇంజను తాడు లాగింది.